ఒకే పనికి రెండు భాషలు

కేంద్ర ప్రభుత్వోద్యోగుల కరువు భత్యాన్ని సాధారణంగా ఏటా రెండుసార్లు, అనగా జనవరి 1 నుండి ఒకసారి, జూలై 1 నుండి ఒకసారి, సవరిస్తూ ఉంటారు. 2024 జనవరి 1 నుండి అది 46 శాతం నుండి 50 శాతానికి పెరిగింది. అయితే ఆ నిర్ణయం వెలువడినది మార్చి నెలలో. కనుక మార్చి జీతాన్ని కొత్త రేటున ఇచ్చి, అంతకు ముందు రెండు నెలల తేడాను బకాయిగా లెక్క కట్టవలసి వచ్చింది. మూలవేతనం 35,400 రూపాయలు గల ఉద్యోగికి పాత భత్యం 16,284 రూపాయలు, కొత్త భత్యం 17,700. తేడా నెలకు 1,416. రెండు నెలల బకాయి 2,832 రూపాయలు.

ఈ లెక్కను ఎనిమిదవ తరగతి విద్యార్థి పలకమీద చేయగలడు. కాని ఇదే లెక్కను వేలమంది జీతాలు చూసే ఒక పెద్ద ప్రోగ్రాము చేత చేయించవలెనంటే ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి పని పడుతుంది. లెక్క కష్టమై కాదు. ఆ లెక్కను ఎక్కడ వ్రాసి పెట్టారన్నదే చిక్కు.

పెద్ద సంస్థల ప్రోగ్రాములు అనేకం జావా అనే భాషలో ఉన్నవి. మనిషి వ్రాసిన జావా పాఠాన్ని కంపైలరు అనే అనువాదకం ముందుగా మొత్తం చదివి, తప్పులు పట్టి, బైట్ కోడు అనే మరొక రూపంలోకి మార్చుతుంది. ఆ రూపాన్ని జావా వర్చువల్ మెషీను నడుపుతుంది. గ్రంథమంతా తర్జుమా చేసి, అచ్చువేసి, బైండు కట్టి ఇచ్చినట్లు అన్నమాట. చదువుకోవడానికి అది హాయి. కాని అందులో ఒక అంకె మార్చవలసి వస్తే మళ్లీ అచ్చుకు పంపవలె. 46 అన్న అంకె ప్రోగ్రాము నడుమ ఎక్కడో ఉంటే, దానిని 50 చేసి, తిరిగి కంపైలు చేసి, పరీక్షించి, నడుస్తున్న సర్వరును ఆపి, కొత్తదానిని ఎక్కించి, మళ్లీ ప్రారంభించవలె.

అంకె ఒక్కటే మారేటట్లయితే దానిని ఒక పట్టికలో పెడితే చాలునని చురుకైన విద్యార్థి అడుగుతాడు. నిజమే. పట్టికతో సరిపోయే చోట పట్టికే మేలు. అక్కడ మరొక భాషను తేవడం దండుగ. కాని మారేది అంకె మాత్రమే కాదు. నెల మధ్యలో చేరినవారికి ఎట్లా, ఏ నెల నుండి బకాయి, భత్యంలో పైసలు వస్తే ఏమి చేయవలె (50 పైసలు, అంతకు మించితే పై రూపాయికి పెంచి, తక్కువైతే వదలివేయాలని ఉత్తరువులలో ఉంటుంది), ఇవన్నీ నియమాలు. నియమాన్ని పట్టికలో పట్టించలేము. దానిని వాక్యంగా వ్రాయవలె.

ఇక్కడే స్క్రిప్టు భాష పనికి వస్తుంది. స్క్రిప్టు అంటే ముందుగా కంపైలు చేసి పెట్టుకోకుండా, పాఠంగానే ఉంచి, కావలసినప్పుడు చదివించి నడిపించే చిన్న ప్రోగ్రాము. కంపైలరు గ్రంథ అనువాదకుడైతే, ఇది పక్కన నిలబడి అప్పటికప్పుడు చెప్పే దుబాసీ.

ఈ రెండింటిని జతచేయవలెనన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ అనే ఆచార్యుడు, ఆయన శిష్యులు ఎలక్ట్రానిక్ చిప్పులను రూపొందించే సాధనాలు కొన్ని తయారుచేశారు. ప్రతి సాధనానికీ ఒక చిన్న ఆజ్ఞల భాష వేరువేరుగా అవసరమై, ప్రతిదీ అరకొరగా తయారయ్యేది. అందరికీ పనికివచ్చే ఒకే ఆజ్ఞల భాషను చేసి, దానిని ఏ ప్రోగ్రాములోనైనా పొదగవచ్చునని ఆయన 1988లో టికిల్ అనే భాషను ప్రారంభించాడు. బరువైన పనులు సి భాషలో, వాటిని కలిపి నడిపించే పని టికిల్‌లో. జావాకు ఇటువంటి తోడు 1997లో జిమ్ హ్యూగునిన్ పైథాన్ భాషను జావా యంత్రం మీదికి తెచ్చినప్పుడు లభించింది. దానినే తరువాత జైథాన్ అన్నారు. 2003లో జేమ్స్ స్ట్రాకన్ గ్రూవీ భాషకు నాంది పలికాడు. 2006 డిసెంబరులో వెలువడిన జావా 6లో ఏ స్క్రిప్టు భాషనైనా ఒకే పద్ధతిలో పిలిచే ఏర్పాటు చేర్చారు.

మనం గ్రూవీని ఉదాహరణగా తీసుకొందాం. ఇది జావా యంత్రం మీదనే నడుస్తుంది. జావా తయారుచేసిన ఉద్యోగుల జాబితాను గ్రూవీ యథాతథంగా అందుకొంటుంది. నడుమ మార్పిడి అవసరం లేదు. నిజానికి గ్రూవీ కూడా లోలోపల బైట్ కోడుగానే మారుతుంది, కాని ఆ మార్పు నడిపే సమయంలోనే జరగవచ్చును. కనుక దుబాసీ ఉపమానాన్ని మరీ దూరం లాగరాదు.

ఇక పని పంపకం. ఉద్యోగుల వివరాలు డేటాబేసు నుండి తేవడం, ఒకేసారి వందలమంది అడిగితే తట్టుకోవడం, బ్యాంకుకు పంపడం, సగంలో కరెంటు పోతే లెక్క చెడకుండా చూడడం, ఇవి జావా చేతిలో ఉండవలె. భత్యం నియమం మాత్రం ఒక స్క్రిప్టు ఫైలులో ఉంటుంది. జావా ప్రోగ్రాము ఆ ఫైలుకు మూలవేతనాన్ని, నెలను అందించి, భత్యాన్ని తిరిగి తీసుకొంటుంది. జావాలోను, గ్రూవీలోను పేర్లకు తెలుగు అక్షరాలు కూడా చెల్లుతాయి. కనుక ఆ నియమం ఇట్లా ఉండవచ్చును:

భత్యం = మూలవేతనం * శాతం / 100

జీతాల శాఖ గుమాస్తా దీనిని చదివి తప్పో ఒప్పో చెప్పగలడు. నా దృష్టిలో స్క్రిప్టు వలన కలిగే పెద్ద మేలు ఇదే. వేగంగా వ్రాయవచ్చుననేది దాని తరువాతి మాట.

అంకెల విషయంలో ఒక సంగతి ఉపాధ్యాయులు తరగతిలో చూపదగినది. జావాలో 46 / 100 అని రెండు పూర్ణాంకాలను భాగిస్తే ఫలితం 0. భిన్నభాగం రాలిపోతుంది. కనుక సూత్రాన్ని తిరగవేసి శాతాన్ని ముందు భాగించితే, ఆ భత్యం సున్న అవుతుంది! గ్రూవీలో అదే భాగహారం 0.46 ఇస్తుంది. మరొకటి: జావాలో దశాంశాలకు సామాన్యంగా వాడే డబుల్ అనే రకం అంకెలు ద్విసంఖ్యామానంలో ఉంటాయి. ఒక రూపాయి 15 పైసలను, అనగా 1.15ను, 100 చేత గుణిస్తే అక్కడ 114.99999999999999 వస్తుంది. దశాంశ భాగాన్ని కత్తిరించి పైసలు తీస్తే 114. ఒక పైసా ఏమైనది? 1.15 అన్నది ద్విసంఖ్యామానంలో అంతంలేని భిన్నం, మనకు మూడవ వంతు 0.333... అయినట్లు. గ్రూవీలో 1.15 అని వ్రాస్తే అది మొదటినుండి దశమానపు అంకెగానే ఉంటుంది. ఫలితం సరిగా 115. జావాలోనూ ఇట్టి దశమానపు అంకెలు ఉన్నవి, కాని వాటిని కోరి వాడవలె, వాక్యం పొడుగవుతుంది.

స్క్రిప్టులకు మరో రెండు పనులు అప్పగించవచ్చును. పాత పద్ధతి ఫైళ్లలోని పేర్లు, తేదీలు సరిచేసి కొత్తదానిలోకి ఎక్కించడం వంటి ఒక్కసారి పనులు ఒకటి. ప్రోగ్రాము భాగాలను కూర్చి కట్టడం రెండవది. గ్రేడిల్, జెంకిన్స్ అనే ప్రసిద్ధ సాధనాలు ఈ పనికి గ్రూవీ వాక్యాలను అంగీకరిస్తాయి.

చిక్కులు లేకపోలేదు. కంపైలరు ముందుగా పట్టే తప్పులు కొన్ని స్క్రిప్టులో దాగి ఉంటాయి. సస్పెన్షనులో ఉన్న ఉద్యోగికి వర్తించే పంక్తిలో ఒక పేరు తప్పుగా వ్రాశామనుకొందాం. అటువంటి ఉద్యోగి లెక్కకు వచ్చేవరకు ఆ పంక్తి నడవదు, తప్పు బయటపడదు. అది నెలాఖరు రాత్రి కావచ్చును. 2012లో వచ్చిన గ్రూవీ 2.0 నుండి, కోరితే ఇట్టి తప్పులను ముందుగా పట్టే వీలు కలిగింది. జీతాల స్క్రిప్టుకు దానిని కోరి తీరవలె.

వేగం సంగతి కొంత అపోహ, కొంత నిజం. ఒక్కొక్క ఉద్యోగికి ఒక మిల్లీ సెకను అనుకొన్నా లక్షమందికి 100 సెకన్లే. కాని తెలియక ప్రతి ఉద్యోగికీ స్క్రిప్టు పాఠాన్ని మళ్లీ మొదటినుండి చదివించితే, గ్రూవీ ప్రతిసారీ ఒక కొత్త క్లాసును తయారుచేస్తుంది. అవి పేరుకొని సర్వరు జ్ఞాపకశక్తి నిండిపోతుంది. ఒకసారి చదివించి, దానినే లక్షసార్లు నడపవలె.

మూడవది అధికారం. గ్రూవీ స్క్రిప్టులో సర్వరును ఆపివేసే ఆజ్ఞ ఒక్క పంక్తి, ఎవరైనా వ్రాయవచ్చును. మార్చడం సులువు గనుక రాత్రికి రాత్రి ఎవరో మార్చి మరచిపోవచ్చును. అందుచేత స్క్రిప్టు మార్పును కూడా ఇద్దరు చదివి, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో నమోదు చేయవలె.

చివరిది, భాష ఆయువు. జావా 8తో 2014లో నాషోర్న్ అనే జావాస్క్రిప్టు యంత్రాన్ని కలిపి ఇచ్చారు. 2020లో వెలువడిన జావా 15లో దానిని తొలగించారు. దానిని నమ్ముకొని నియమాలు వ్రాసుకొన్నవారు ఆ యంత్రాన్ని వేరుగా తెచ్చి తగిలించుకోవలసి వచ్చింది.

కొత్త స్క్రిప్టును పరీక్షించే తేలిక మార్గం ఒకటి ఉన్నది. అందులో శాతాన్ని పాతదిగా, అనగా 46గా ఉంచి, గడచిన నెల ఉద్యోగుల వివరాలన్నీ అందించి, వచ్చిన భత్యాలను అప్పటి జీతపు బిల్లుతో వరుసవరుసగా పోల్చవలె. ఒక్క రూపాయి తేడా కూడా రాకూడదు. ఆ తరువాతనే 50 వేసి, 35,400 మూలవేతనంపై నెలకు 1,416 పెరిగినదా అని చూడవలె.