అక్క అమెరికాలో టీచర్, నాయిన ఊళ్లో రైతు: అమ్మానాయినను ఎప్పుడు పిలవాలి?

పోయిన ఎపిసోడ్‌లో జే-1 వీసా మీద అమెరికా బడుల్లో టీచర్‌గా పోవడం గురించి మాట్లాడుకున్నాం. అది చూసి పాలమూరు నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మా అక్క అక్కడ టీచర్. అమ్మానాన్నను ఆరు నెలలు రమ్మంటుంది. పంపాలా?"

పంపు తమ్ముడూ. కానీ ఆరు నెలలు అనే మాట కొంచెం పక్కన పెట్టు. ఎందుకో చెప్తా. మా ఇంట్లో ఇదే తప్పు చేసినం.

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు దిక్కు. కొంచెం పత్తి, బోరు కింద కొంచెం వరి. మా అక్క నల్లగొండలో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్పేది. తర్వాత జే-1 మీద టెక్సాస్‌లో ఒక చిన్న టౌన్‌కి పోయింది. నేనప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. ఇంకా కెమెరా ముందుకు రాలేదు.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. జే-1 వాళ్ల మీద డిపెండెంట్‌గా పోయేది జే-2. అది భర్తకో భార్యకో, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకో మాత్రమే. అమ్మానాన్నలకు రాదు. వాళ్లు మామూలు విజిటర్ వీసా, అంటే బీ-2 తీసుకోవాల్సిందే. అక్క టీచర్ అయినా, ఇంకేదైనా, రూల్ ఒకటే. జే-1 టీచర్‌కి మొదట ఇచ్చేది 3 ఏళ్ల దాకా, పొడిగింపు దొరికితే మహా అయితే ఇంకో 2 ఏళ్లు. అంటే పిలిచే చాన్స్ ఒకటో రెండో సార్లు. అందుకే టైమింగ్ ముఖ్యం.

సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇంటికి అమ్మానాన్న వస్తే వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుంటారు, మీటింగ్‌ల మధ్యలో చాయ్ తాగుతారు. టీచర్‌కి ఆ చాన్స్ లేదు. టెక్సాస్‌లో 10 నెలల కాంట్రాక్ట్ టీచర్ అంటే సాధారణంగా ఏడాదికి 187 రోజుల డ్యూటీ. రాష్ట్ర చట్టం ఇచ్చే పర్సనల్ లీవ్ ఏడాదికి 5 రోజులు. దాని మీద ఏమన్నా ఇస్తే అది ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ ఇష్టం. మా అక్క పొద్దున ఆరున్నరకు ఇల్లు దాటేది, సాయంత్రం ఐదింటికి వచ్చేది, వచ్చినాక పేపర్లు దిద్దేది.

మొదటిసారి అక్టోబర్‌లో పిలిచింది. దీపావళి కలిసి చేసుకుందామని పాపం. టికెట్లు ఆరు నెలలకు బుక్ అయినయ్. ఇటు అక్టోబర్ అంటే పత్తి పగిలే టైం. నాయిన చేను పాలోళ్లకు అప్పజెప్పి పోయిండు కానీ మనసు పోలేదు. టెక్సాస్‌లో అర్ధరాత్రి లేచి ఊరికి ఫోన్, "వాన పడ్డదా? కూలోళ్లు వచ్చిన్రా? రేటెంత నడుస్తుంది?" అని.

అమ్మ సంగతి వేరే. అక్క ఉండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మునుగోడు, మర్రిగూడ దిక్కు బోర్ల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం మా అమ్మది, మోకాళ్లు ముందే పోయినయ్. మెట్లు దిగితే మళ్లీ ఎక్కాలి. కిందికి దిగినా బస్సు లేదు, కారు లేకపోతే కిరాణం కొట్టు కూడా రాదు. పది రోజులకు నాతో ఫోన్‌లో అన్నది: "బిడ్డా, మన ఇంట్ల తలుపు తీస్తే వాడకట్టు కనపడుతది. ఈడ తలుపు తీస్తే ఇంకో తలుపు కనపడుతది."

ఏడు వారాలకు తిరిగి వచ్చేసిన్రు. ఊళ్లో అందరూ "గప్పుడే వచ్చిన్రేంది, బిడ్డతోని పడలేదా?" అని అడిగిన్రు. అక్క అది విని మస్తు ఏడ్చింది. ఎవరి తప్పూ లేదు. క్యాలెండర్ తప్పు.

ఆ క్యాలెండర్ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. టెక్సాస్‌లో చాలా బడులు మే ఆఖర్లో మూసి ఆగస్టు మధ్యలో తెరుస్తరు. టీచర్ ఇంటిపట్టున ఉండేది ఆ రెండున్నర నెలలే. మన దగ్గర? యాసంగి వరి ఏప్రిల్‌లో కోస్తే, కొనుగోలు సెంటర్‌లో తూకం అయ్యేసరికి ఒక్కోసారి మే దాటుతది. జూన్ 8 దగ్గర మిరుగం. వాన పడితే పత్తి గింజలు పెట్టాలె. అంటే అక్కకు సెలవు మొదలైన పది రోజులకే నాయినకు పని మొదలు. బిడ్డ టీచర్, తండ్రి రైతు అయితే ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరకడం చాలా కష్టం. బీ-2 గురించి వంద వీడియోలు ఉన్నయ్, ఈ ఒక్క ముక్క నాకెక్కడా కనపడలేదు.

ఉద్యోగం చేసి రిటైర్ అయిన అమ్మానాన్నలకు ఈ బాధ లేదు. వాళ్లను మే ఆఖర్లో రమ్మనండి, ఆగస్టు మొదట్లో పంపండి, అయిపోయింది.

ఇక వీసా. డీఎస్-160 ఫామ్ నింపి, ఫీజు కట్టి, వేలిముద్రలు ఇచ్చి, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఫీజు 2023 జూన్ నుంచి మనిషికి 185 డాలర్లు. మారుతూ ఉంటది, కట్టేముందు అఫీషియల్ సైట్ చూడండి. హైదరాబాద్ కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి 2023 మార్చిలోనే మారింది. అయినా మా నాయిన ఆటో ఆయనకు బేగంపేట అనే చెప్పిండు. ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు, భయపడొద్దు.

ఇన్విటేషన్ లెటర్ కోసం చాలామంది టెన్షన్ పడతరు. అది తప్పనిసరి కాదు. ఆఫీసర్ చూసేది అక్క జీతం ఒక్కటే కాదు, అమ్మానాన్న తిరిగి వస్తారా లేదా అని. చట్టంలో 214-బీ అనే సెక్షన్ ఉంది. మీరు అక్కడే ఉండిపోతారని ముందే అనుకుంటరు, కాదని మీరే చూపించాలి. మా నాయినను అడిగింది ఏందంటే, "మీరు పోతే పొలం ఎవరు చూస్తరు?" నాయిన దానికి ఐదు నిమిషాలు చెప్పిండంట, బోరు మోటార్ దగ్గర నుంచి. వీసా వచ్చింది. ఒక మాట: మనవళ్లను చూసుకునే ఆయా జీతం మిగులుతుందని పిలిచేవాళ్లు కూడా ఉన్నరు. విజిటర్ వీసా పని చేయడానికి కాదు. నానమ్మ మనవడిని ఎత్తుకోవడం వేరు, రోజూ డ్యూటీ వేయడం వేరు.

పాస్‌పోర్ట్‌లో 10 ఏళ్ల వీసా కొట్టినా, ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్పేది అది కాదు. దిగినాక ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ ఇచ్చే తేదీ, ఐ-94. బీ-2కి మామూలుగా 6 నెలలు ఇస్తరు. ఆన్‌లైన్‌లో ఉంటది, దిగిన రోజే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. ఆ తేదీ దాటి ఉంటే ఆ వీసా చెల్లదు.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం కొంచెం ఆగుదాం. మొదటిసారి మేము చవకది తీసుకున్నం. అమ్మ మోకాలు వాచి క్లినిక్‌కు పోతే ఆ కంపెనీ వాళ్లు "ఇది పాత జబ్బు" అని పైసలు ఇయ్యలేదు. చాలా విజిటర్ పాలసీలలో పాత జబ్బుకు కవరేజీ ఉండదు. కొన్నింటిలో పాత జబ్బు అకస్మాత్తుగా ముదిరితే మాత్రం ఇస్తమని ఉంటది, దానికి కూడా వయసు లిమిట్ ఉంటది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఆ లైన్ చదవకుండా కొనొద్దు. చవక పాలసీ ఒక్కో ఖర్చుకు ఒక ఫిక్స్‌డ్ మొత్తమే ఇస్తది, మిగతాది మీ జేబులోంచే. మందులు ఉన్నన్ని రోజులకు సరిపడా ఇక్కడి నుంచే, డాక్టర్ చీటీతో, షీట్లు విడదీయకుండా. చిన్న నొప్పులకు అర్జెంట్ కేర్ క్లినిక్, ప్రాణం మీదికొస్తే 911. ఈ తేడా అమ్మకు కూడా చెప్పి పెట్టండి, పగలు ఇంట్లో ఉండేది ఆమె కదా.

బ్యాగుల గురించి రెండు ముక్కలు. మామిడికాయ తొక్కు, కారం పొడులు, సకినాలు తీసుకపోవచ్చు. నాటుకోడి తొక్కు, మటన్ తొక్కు, పచ్చి కరివేపాకు, మన బత్తాయిలు వద్దు. ఏం తెచ్చినా డిక్లేర్ చేయాలె. చెప్తే మహా అయితే తీసి పారేస్తరు, దాచి దొరికితే జరిమానా.

రెండోసారి అమ్మ ఒక్కతే పోయింది. మే ఆఖరి వారం పోయి జులై ఆఖర్లో వచ్చింది. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడిగినం, దానికి ఎక్స్‌ట్రా డబ్బు లేదు. మోకాళ్లు నొచ్చే మనిషికి దోహాలో గేట్ మారడం మామూలు విషయం కాదు. అక్క అప్పటికి కింది అంతస్తుకు మారింది, అద్దె కొంచెం ఎక్కువైనా. పొద్దున ఇద్దరూ నడిచేవాళ్లు, మధ్యాహ్నం లైబ్రరీకి. అమ్మకు చదువు రాదు, కానీ ఏసీలో కూర్చుని అందర్నీ చూసేది. శనివారం పక్క సిటీలో గుడికి. అక్కడ సూర్యాపేట అమ్మ ఒకామె కలిసింది. తర్వాత మా అమ్మ ఫోన్ ఎప్పుడు చేసినా బిజీ.

నాయినను రమ్మంటే, "నేను చూసిన అమెరికా చాలు, ఈసారి గింజలు పెట్టాలె" అన్నడు. రోజూ పొద్దున చేను గట్టు మీద నుంచి వీడియో కాల్ చేసేటోడు. అక్కడ అక్కకు రాత్రి. మొలకలు చూపించేటోడు.

అక్కకు ఇంకో ఏడాది కాంట్రాక్ట్ ఉంది. ఈసారి డిసెంబర్ సెలవుల్లో రెండు వారాలు తనే ఊరికి రావాలా, లేక నాయినను ఒక సీజన్ భూమి కౌలుకు ఇచ్చి రమ్మని ఒప్పించాలా అని ఇంట్లో చర్చ నడుస్తుంది. నేను కౌలు వైపు. నాయిన ఇంకా ఏం చెప్పలేదు.