పసుపు డబ్బా కంటే ముందు కుళాయి

సైకిల్ మీంచి పడ్డవాడికి మొదట నొప్పి తెలియదు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూస్తాడు. తర్వాత హ్యాండిల్ వంకరపోయిందేమో చూసుకుంటాడు. మోకాలి సంగతి గుర్తొచ్చేది ఆఖర్న. అప్పటికే తోలు లేచిపోయి, నెత్తురు చుక్కలు చుక్కలుగా ఊరుతూ, మధ్యలో ఇసుక అంటుకుని ఉంటుంది. కుంటుకుంటూ ఇంటికి చేరేసరికి తలా ఒక వైద్యం సిద్ధం. పసుపు అద్దమని అమ్మమ్మ, డెట్టాల్ పోయమని నాన్న, కొబ్బరి నూనె రాయమని పక్కింటివాళ్లు, కట్టు కట్టకుండా గాలి తగలనివ్వమని అందరూ.

ఈ దెబ్బలిప్పుడు పిల్లలవి మాత్రమే కావు. ఫ్రేము సందులోంచి కాలు దూర్చి అద్దె సైకిలు తొక్కిన తరం, షుగరు, బీపీల భయంతో నడివయసులో మళ్లీ సైకిలెక్కింది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. గేర్లొచ్చాయి, వేగం పెరిగింది. చిన్నప్పుడు మోకాలి చిప్ప మీద రూపాయి బిళ్లంత దోక్కుపోయేది. ఇప్పుడు పడితే మోచేతి నుంచి మణికట్టు దాకా ఒరుసుకుపోతోంది. వైద్యం మాత్రం పాతదే. పాతది కాబట్టి వెక్కిరించనూ అక్కర్లేదు, నెత్తిన పెట్టుకోనూ అక్కర్లేదు.

దోక్కుపోయినప్పుడు చర్మం పై పొర, దాని కింది పొరలో కొంత పోతాయి. అడుగున వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు మిగిలే ఉంటాయి. కొత్త చర్మం గాయం అంచుల నుంచే కాదు, ఆ కుదుళ్ల నుంచి కూడా పుట్టుకొస్తుంది. అరచేయంత గాయమైనా కుట్లు లేకుండా చాలాసార్లు ఒకటి రెండు వారాల్లో పూడిపోయేది అందుకే. నరాల కొసలు బయటపడతాయి కనుక మంట మాత్రం కోతకంటే ఎక్కువ. ఏదో ఒకటి పూస్తే తప్ప మానదన్న మన తొందరకు ఈ మంటే కారణమేమో!

పూసే ముందు తీయాల్సింది ఉంది. గాయంలో దిగిన ఇసుక, తారు, మట్టి. వాటిని వదిలేస్తే సూక్ష్మజీవులకు ఆశ్రయం దొరుకుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పైన చర్మం పూడుకున్నాక లోపల మిగిలిన తారు రేణువులు పచ్చబొట్టులా నీలి మచ్చలుగా ఉండిపోతాయి. తర్వాత వాటిని పోగొట్టాలంటే లేజర్ దాకా వెళ్లాలి. మొదటి రోజే శుభ్రం చేసుకుంటే ఆ అవస్థ ఉండదు.

కాబట్టి ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. నెత్తురు ఇంకా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కాసేపు గట్టిగా అదిమి పట్టండి. తర్వాత కుళాయి తిప్పి, ధార కింద గాయాన్ని పెట్టండి. తాగడానికి పనికొచ్చే నీళ్లు గాయం కడగడానికీ పనికొస్తాయి. ఆసుపత్రి సెలైన్‌తో కడిగినా, మంచి కుళాయి నీళ్లతో కడిగినా చీము పట్టడంలో తేడా కనబడలేదని ఈ రెంటినీ పోల్చిన వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. కుళాయి నీళ్ల మీద నమ్మకం లేని చోట కాచి చల్లార్చినవి వాడుకోవచ్చు. ఒకటి రెండు చెంబులు పోసి చాలనుకోవద్దు, కొన్ని నిమిషాలు ధార కింద ఉంచాలి. సబ్బు గాయం చుట్టూ వాడితే చాలు. నీళ్లకు కదలని ఇసుకను తడిపిన మెత్తటి గుడ్డతో మెల్లగా తుడవాలి. ఒకటీ అరా రాతి ముక్కలుంటే మరిగే నీళ్లలో ఉడికించిన పట్టకారుతో తీయొచ్చు. లోతుగా దిగినవి, ఎక్కువగా ఉన్నవి డాక్టరుకే వదిలేయండి. అక్కడైతే మొద్దుబారే మందు ఇచ్చి తీస్తారు. పళ్లు బిగించి ఇంట్లోనే గీకడం వీరత్వమేమీ కాదు.

డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చురుక్కుమనిపిస్తే పనిచేస్తున్నాయని సంబరపడతాం. అవి సూక్ష్మజీవుల్ని చంపేటప్పుడు కొత్త చర్మం అల్లే కణాల్నీ వదలవు. ఒకప్పుడు ప్రతి బడిలోనూ, ప్రతి ఆర్‌ఎంపీ సంచిలోనూ ఉన్న ఎర్ర మందు, మెర్క్యురోక్రోమ్, పాదరసం కలిసినది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1998లో దాన్ని సురక్షితమని ఎంచే మందుల వరసలోంచి తీసేసింది. పైగా ఆ రంగు పులిమితే గాయం చుట్టూ ఎరుపు పాకుతోందో లేదో కనబడదు.

ఆరితేనే మానుతుందా?

అట్ట కడితే గాయం మానుతున్నట్టేనని మనకో గట్టి నమ్మకం. దాని మీద పెద్ద దెబ్బ 1962లో పడింది. బ్రిటన్ పరిశోధకుడు జార్జ్ వింటర్ పంది పిల్లల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేశాడు, కొన్నింటిని పలచటి ప్లాస్టిక్ పొరతో కప్పాడు. కప్పినవి దాదాపు రెట్టింపు వేగంతో కొత్త చర్మం కట్టుకున్నాయి. గాలికి ఆరిన గాయంలో ఎండిన అట్ట అడ్డుపడుతుంది. కొత్త కణాలు దాని కిందికి దిగి, తడి ఉన్న చోటు వెతుక్కుంటూ పాకాలి. తడిగా ఉన్న చోట నేరుగా పాకిపోతాయి. ఇవాళ మందుల షాపుల్లో దొరికే ఖరీదైన హైడ్రోకొల్లాయిడ్ పట్టీల వెనక ఉన్నది ఈ సూత్రమే.

ఖరీదు పెట్టలేమంటే వాజిలీన్ చాలు. కడిగి, చుట్టూ ఉన్న తడిని గుడ్డతో అద్ది, పలచగా వాజిలీన్ రాసి, అంటుకోని గాజ్ గుడ్డ వేసి కట్టాలి. దూది నేరుగా పెట్టొద్దు, పీచు అతుక్కుని మళ్లీ నెత్తురొస్తుంది. రోజుకోసారి, తడిసినా మురికైనా వెంటనే, కట్టు మార్చాలి. అంటుకుపోతే నీళ్లతో నానబెట్టి తీయాలి. ఒక్క ఊపున లాగితే అప్పటిదాకా కట్టిన కొత్త తోలూ దానితోపాటే వస్తుంది.

ముంబైలో డాక్టర్ కేస్వాని 1980ల్లో కాలిన గాయాలకు ఉడికించిన బంగాళాదుంప తొక్కల్ని గాజ్ గుడ్డకు అతికించి, స్టెరిలైజ్ చేసి కట్టుగా వాడారు. పేద రోగులకు బాగా అక్కరకొచ్చిన ఉపాయం అది. దుంపలో ఏదో మహిమ ఉందని కాదు, ఆ తొక్క గాయాన్ని ఆరిపోనివ్వదు, అతుక్కోదు. వంటింటి మందుల్ని తూచడానికి నాకు కనబడే త్రాసు ఇదే.

ఇక పసుపు. గాయాలకు పసుపు వాడకం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. శాస్త్రవేత్త మాషేల్కర్ సారథ్యంలో మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేసి, పాత గ్రంథాలూ, 1953 నాటి వైద్య పత్రికలో వచ్చిన వ్యాసమూ చూపించి, 1997లో దాన్ని రద్దు చేయించింది. ఆ గెలుపు మనకు గర్వకారణమే. అయితే అక్కడ తేలింది ఇది మనకు ముందే తెలుసన్నది. డబ్బాలోని పొడి ప్రతి గాయానికీ మంచిదని కాదు. పసుపులోని కుర్కుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉంది, నిజమే. కాని దుకాణపు పొడిలో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసగాళ్లున్నారు. పోపు చెంచా పెట్టే డబ్బా సూక్ష్మజీవులు లేనిదీ కాదు. పైగా పొడి గాయాన్ని పీల్చి అట్ట కట్టిస్తుంది. పూయాలన్న పట్టుదల ఉంటే చుట్టూ కమిలిన చోట పట్టు వేసుకోండి, పచ్చి గాయంలో వద్దు.

తేనెది మరో కథ. సుశ్రుతుడు తేనె, నెయ్యి కలిపి వ్రణాలకు చెప్పాడు, ఇవాళ్టి ఆసుపత్రులూ తేనె పట్టీలు వాడుతున్నాయి. అవి గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనెతో చేసినవి. సీసాలో తేనె అది కాదు, బొటులిజం బీజాలు ఉండే అవకాశం ఉంది. పొలం గట్ల మీది గడ్డి చామంతి, పిల్లలు పలకలు తుడిచిన ఆకు, చాలా ఊళ్లలో గాయపాకు. ఎలుకల మీద ప్రయోగాల్లో దానికి కొంత మంచి పేరే వచ్చింది. రోడ్డు పక్క దుమ్ము పట్టిన ఆకును అరచేతిలో నలిపి పిండితే రసంతోపాటు ఆ దుమ్మూ గాయంలోకి దిగుతుంది. కాఫీ పొడి, బూడిద, సున్నం, టూత్‌పేస్టు, కిరోసిన్ గురించి మాట్లాడడం దండగ.

సూది, డాక్టరు, పప్పు

ధనుర్వాతం తుప్పు పట్టిన మేకు వల్ల వస్తుందనుకుంటాం. నిజానికి దాన్ని తెచ్చే సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. మన రోడ్ల మీద రెండూ ఉన్నాయి. పడ్డ ప్రతిసారీ సూది అక్కర్లేదు. పూర్తిగా టీకాలు పడినవాళ్లకు గాయం మురికిదై, చివరి డోసు పడి ఐదేళ్లు దాటితే వేయించుకోవాలి. టీటీ స్థానంలో ఇప్పుడు టీడీ ఇస్తున్నారు. పిల్లలకు 10, 16 ఏళ్లకు ప్రభుత్వమే వేస్తుంది. కుక్క తరిమి పడ్డారా? దాని పన్నో గోరో తగిలిందేమో వెతకండి. తగిలితే అది దోక్కుడు దెబ్బ లెక్కలోకి రాదు. సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి.

తలకు దెబ్బ తగిలినా, చేయి ఊని పడ్డాక మణికట్టు నొప్పి తగ్గకపోయినా గాయం సంగతి తర్వాత, ముందు ఆసుపత్రి. రెండో రోజు నుంచి నొప్పి తగ్గాల్సింది పెరుగుతుంటే, ఎరుపు చుట్టూ పాకుతుంటే, చీము, వాసన, జ్వరం ఉంటే వంటిల్లు వదిలి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగరున్నవాళ్లు కాలి గాయాన్ని మొదటి రోజే చూపించుకోవడం మంచిది. మానాక వచ్చే లేత తోలు ఎండకు నల్లబడిపోతుంది, కొన్ని నెలలు కప్పి ఉంచుకోవాలి.

పథ్యం మాట చెప్పకపోతే ఇంట్లో ఒప్పుకోరు. గాయమైతే పప్పు వద్దు, గుడ్డు వద్దు, మాంసం వద్దు, చీము పడుతుందని మన ఇళ్లలో కట్టుబాటు. చర్మం అల్లుకోవడానికి కావాల్సిన మాంసకృత్తులు ఉండేదే వాటిలో. కట్టు కట్టాక కంచంలో కాస్త ఎక్కువే పప్పు వేయించుకోండి, గుడ్డు తినేవాళ్లు గుడ్డు కూడా.