విండో సాగినా బటన్లు ఎందుకు సాగవు?

పైథాన్‌లో టికింటర్‌తో తొలి విండో చేశారా? మూల పట్టుకుని లాగితే విండో పెద్దదవుతుంది, లోపలి బటన్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోతాయి. ఎందుకు?

టికింటర్ వెనుక పనిచేసేది ‘టీకే’. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ దాన్ని తన స్క్రిప్టింగ్ భాష టీసీఎల్ కోసం తయారుచేశారు. టీకేలో బటన్ తన చోటు తాను ఎంచుకోదు. తనకెంత స్థలం కావాలో అడుగుతుంది, అంతే. పంచేది ‘గ్రిడ్’.

గ్రిడ్‌కు విండో అంటే గళ్ల కాగితం. ముందు అందరికీ అడిగినంత ఇస్తుంది. విండో సాగాక మిగిలిన చోటును ‘వెయిట్’ అనే అంకెను బట్టి పంచుతుంది. ఒక నిలువు వరుసకు 1, పక్కదానికి 2 ఇచ్చామనుకోండి. 300 పిక్సెళ్లు మిగిలితే మొదటిదానికి 100, రెండోదానికి 200 వెళ్తాయి. మనమేమీ చెప్పకపోతే ఆ అంకె 0. అందుకే ఏదీ కదల్లేదు!

ఇంకో చిక్కుంది. గడి సాగినా బటన్ దాని నడుమనే ఉంటుంది. అందుకని ‘స్టికీ’ దగ్గర దిక్కులు రాసి, దాన్ని గడి అంచులకు అతికించాలి. తూర్పు, పడమర రాస్తే అడ్డంగా సాగుతుంది. నాలుగూ రాస్తే గడి అంతా నిండుతుంది. తెరకు దిక్కులేమిటా అనుకోకండి, మ్యాప్‌లోలాగే పైన ఉత్తరం. ఈ ఆలోచన నాకెంతో ఇష్టం.