త్రాసుకు రెండు పళ్ళేలు

రమజాన్ మాసం సమీపిస్తున్నదంటే మన ఇళ్ళలో ముందుగా సిద్ధమయ్యేది సరకుల జాబితా. శనగపిండి, పెసరపప్పు, ఖర్జూరాలు, నూనె, పంచదార, సేమియా... జాబితా పూర్తి కాగానే తలెత్తే ప్రశ్న ఒక్కటే: ఏ దుకాణానికి వెళ్ళాలి? ఊరి చివరన ఉన్న పెద్ద మార్కెట్లో అన్నీ చౌక అంటాడు కొడుకు. పక్కవీధి సూపర్ మార్కెట్లో శుభ్రత ఉంటుందంటుంది కోడలు. ఇంటి పెద్దావిడ మాత్రం, "కిరాణా భాయి దగ్గరే తెచ్చుకోండి. మనం కష్టంలో ఉన్నప్పుడు అరువిచ్చింది ఆయనే కదా!" అని గుర్తుచేస్తుంది. ముగ్గురి మాటలోనూ సత్యం ఉంది. అయితే ఏ మాటకు ఎంత తూకం ఇవ్వాలో తెలియాలంటే కొంత పరిశీలన అవసరం.

ఒక తరం క్రితం ఈ ప్రశ్నే లేదు. నెల సరకులకు కిరాణా కొట్టు, కూరగాయలకు సంత. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు వచ్చాయి. 2006లో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను హైదరాబాదులోనే తెరిచింది. నేడు చిన్న పట్టణాల్లో సైతం రెండు మూడు సూపర్ మార్కెట్లు కనిపిస్తున్నాయి. ఎంపిక పెరిగింది, దానితోపాటు ఎంచుకునేవాని బాధ్యత కూడా పెరిగింది.

ధర ఎక్కడ చూడాలి?

దుకాణం ముఖద్వారం వద్ద వేలాడే రాయితీ బోర్డు మన దృష్టిని ఆకర్షించడానికి ఉద్దేశించినది. అసలు ధర తెలిసేది ప్యాకెట్టు వెనుక. గరిష్ఠ చిల్లర ధర, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదులకు సంప్రదించవలసిన వివరాలు ప్రతి ప్యాకెట్టుపై ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు నిర్దేశిస్తున్నాయి. గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఆ ధర మీద ఒక్క రూపాయి అదనంగా తీసుకున్నా నేరమే.

పూర్వం కొన్ని సరకులను నిర్ణీత పరిమాణాల్లోనే ప్యాకెట్లు కట్టాలన్న నిబంధన ఉండేది. తరువాతి సవరణల్లో దానిని తొలగించి, గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో తెలిపే యూనిట్ ధరను ముద్రించాలన్నారు. కొనుగోలుదారునికి ఇది గొప్ప ఆయుధం. ఉదాహరణకు, 200 గ్రాముల ప్యాకెట్టు 62 రూపాయలు, 500 గ్రాముల ప్యాకెట్టు 160 రూపాయలు అనుకుందాం. పెద్దది చౌక అనిపిస్తుంది. లెక్క వేస్తే 100 గ్రాములకు చిన్నదానిలో 31 రూపాయలు, పెద్దదానిలో 32 రూపాయలు! అయితే ముద్రించిన యూనిట్ ధర గరిష్ఠ చిల్లర ధరపై ఆధారపడినది. దుకాణం రాయితీ ఇస్తున్నప్పుడు రాయితీ ధరతో మళ్ళీ లెక్క వేసుకోవాలి. చేతిలోని ఫోను అందుకు చాలు.

నూనె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూపుకు లీటరు ప్యాకెట్టులాగే ఉండి, అంతకంటే తక్కువ బరువున్నవి కూడా అరల్లో ఉంటాయి. రెండు దుకాణాల నూనె ధరలను పోల్చేటప్పుడు ప్యాకెట్టు ఆకారాన్ని కాక గ్రాములను పోల్చాలి.

పైన కనిపించేది, లోపల ఉన్నది

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన వృత్తాంతం మనందరికీ తెలిసినదే. వర్షానికి తడిసిందని వర్తకుడు సంజాయిషీ చెప్పాడు. తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తమ వాడు కాడని హెచ్చరించారు. ఈ సంఘటనలో వర్తకునికి ఎంత పాఠం ఉందో, కొనేవానికీ అంతే ఉంది. చేయి పెట్టి చూడటం అనుమానపు బుద్ధి కాదు.

ప్లాస్టిక్ పొర చుట్టిన టమాటాల పెట్టెను తిప్పి అడుగుభాగం చూడండి. ఒకటి కొంటే మరొకటి ఉచితం అన్నచోట గడువు తేదీ చదవండి. విడి పప్పులు, డ్రైఫ్రూట్లు తూచేటప్పుడు డబ్బా బరువు తీసివేశారో లేదో గమనించండి. బిల్లును అక్కడే నిలబడి చదవండి. అరపై రాసిన ధర, బిల్లులో పడిన ధర ఒకటేనా చూడండి. ముందుగా తెలపకుండా చేతిసంచికి డబ్బు వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో తీర్పు చెప్పింది. దుకాణంలో న్యాయం జరగనప్పుడు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు.

ఆకుపచ్చ గుర్తు ఎంతవరకు?

మనకు ధరతోపాటు మరొక కొలమానం కూడా ఉంది: హలాల్. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే అది శాకాహారం. పాలు, తేనె, లక్క వంటి కొన్నింటిని మినహాయించి జంతు సంబంధమైన పదార్థమేదీ అందులో ఉండకూడదు. అందుచేత కొవ్వు ఆమ్లాలతో తయారయ్యే 471 నంబరు పదార్థం ఆకుపచ్చ గుర్తున్న బిస్కెట్టులో ఉంటే, అది వృక్ష సంబంధమైనదై ఉండాలి. విదేశీ చాక్లెట్లు, జెల్లీ మిఠాయిల విషయంలో మాత్రం జెలటిన్, కీటకాల నుంచి తీసే 120 నంబరు ఎరుపు రంగు ఉన్నాయేమో చదివి తీరాలి.

అయితే సువాసన ద్రవ్యాన్ని మద్యసారంలో కరిగించారా లేదా అన్నది ఆకుపచ్చ గుర్తు చెప్పదు. అలాగే గోధుమరంగు త్రిభుజం మాంసాహారమని మాత్రమే తెలుపుతుంది. జబీహా విధిగా జరిగిందో లేదో తెలుపదు. శీతల పెట్టెలోని కోడిమాంసానికి హలాల్ ధ్రువీకరణ ముద్ర చూడాలి. సందేహముంటే ప్యాకెట్టు మీది నంబరుకు ఫోన్ చేసి అడగాలి. సందేహాస్పదమైన దానిని విడిచిపెట్టడంలోనే మన ధర్మానికి రక్షణ ఉంది.

ఎవరికి ఏది చౌక?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పెద్ద మార్కెట్టు భారీ పరిమాణంలో కొని, గరిష్ఠ చిల్లర ధర కంటే తక్కువకు అమ్ముతుంది. బియ్యం, నూనె, సబ్బుల వంటి నిల్వ సరకులకు అది అనుకూలం. కాని ఆటో కిరాయిని, జాబితాలో లేకుండానే బండిలో చేరిన వస్తువులను కూడా ఆ పద్దులోనే రాయాలి. వృథా ఖర్చు చేసేవారిని దివ్యఖుర్ఆన్ షైతాను సోదరులుగా పేర్కొన్నదన్న విషయం, తోపుడుబండి నిండుతున్న కొద్దీ గుర్తుకు రావాలి. పక్కవీధి సూపర్ మార్కెట్టు ప్రయాణ ఖర్చును, సమయాన్ని మిగులుస్తుంది. కూరగాయలకు రైతుబజారు ధరల పట్టిక మంచి కొలబద్ద. ఇక కిరాణా కొట్టు పది రూపాయల పప్పు కూడా తూచి ఇస్తుంది; డబ్బు లేని రోజున పుస్తకంలో రాసుకుంటుంది.

ఇక్కడే ఒక చేదునిజం ఉంది. నెలకు సరిపడా సొమ్ము ఒకేసారి చేతిలో ఉన్నవానికే పెద్ద మార్కెట్టు చౌక. రోజుకూలీపై బ్రతికే కుటుంబం చిన్న చిన్న పొట్లాలు కొంటూ, తరచుగా అదే సరకుకు ఎక్కువ ధర చెల్లిస్తుంది. దీనికి మన మొహల్లాలోనే ఒక మార్గం ఉంది. నాలుగు కుటుంబాలు కలిసి ఒక బియ్యం బస్తా, ఒక నూనె డబ్బా తెచ్చుకుని, అందరి ఎదుట తూచి పంచుకోవచ్చు. స్తోమత ఉన్నవారు ముందుగా సొమ్ము పెట్టి, తక్కినవారి నుంచి వారం వారం తీసుకోవచ్చు, అదనంగా ఒక్క పైసా ఆశించకుండా. రమజాన్‌కు ముందు ఇంతకంటే మంచి ఇరుగుపొరుగు సేవ ఏముంటుంది?

రెండవ పళ్ళెం

తూనికల్లో మోసం అనగానే మనం వర్తకుని వైపే వేలు చూపుతాం. ప్రవక్త షుఐబ్ (అ) మద్యన్ ప్రజలను హెచ్చరించింది వర్తకం గురించే కదా అంటాం. కాని సూరహ్ ముతఫ్ఫిఫీన్ ఆరంభాన్ని మరొకసారి శ్రద్ధగా చదవండి. తాను పుచ్చుకునేటప్పుడు నిండుగా పుచ్చుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించే మనిషిని అది వర్ణిస్తుంది. పుచ్చుకునేవాడు కొనుగోలుదారుడు కూడా కావచ్చు!

శీతల పెట్టెలోంచి తీసిన వెన్న ప్యాకెట్టును, మనసు మార్చుకుని సబ్బుల అరలో వదిలేస్తాం. అది చెడిపోతే నష్టం ఎవరిది? రుచి చూసే నెపంతో పిల్లల చేతికి ద్రాక్షపండ్లు అందిస్తాం. వాటి ధర ఎవరు చెల్లించారు? చిల్లర ఎక్కువ వచ్చినప్పుడు మౌనంగా జేబులో వేసుకుంటాం. రోజంతా నిలబడి పనిచేసే గల్లాపెట్టె దగ్గరి అమ్మాయి ఆ లోటును తన జీతంలోంచి పూడ్చవలసి రావచ్చు.

అన్నిటికంటే బరువైనది మరొకటుంది. జీతం రాగానే నగదు పట్టుకుని పెద్ద మార్కెట్టుకు వెళ్తాం; కిరాణా భాయి పుస్తకంలోని పాత బాకీని మాత్రం వచ్చే నెలకు వాయిదా వేస్తాం. మూడు వందలు ఆదా చేశామని ఇంట్లో సంతోషిస్తాం. ఆ ఆదా మనది కాదు, ఆయనది. చెల్లించే స్తోమత ఉండి కూడా అప్పు తీర్చడంలో జాప్యం చేయడం అన్యాయమని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. ఏ దుకాణం చౌక అన్న లెక్క మొదలుపెట్టవలసింది ఆ పాత బాకీ నుంచే. అది తీర్చిన తరువాత ధర ఎక్కడ తక్కువైతే అక్కడ కొనడానికి మనకు పూర్తి స్వేచ్ఛ ఉంది.

కాబట్టి ఈసారి సరకుల జాబితా రాసేటప్పుడు మొదటి వరుసలో బియ్యానికి బదులు బాకీ అని రాద్దాం. ఆ తరువాత గ్రాముల లెక్క, గడువు తేదీ, హలాల్ ముద్ర చూసుకుంటూ అరల మధ్య నడుద్దాం. పుచ్చుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ ఒకే త్రాసును వాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక, మన సంపాదనలో, మన వంటిళ్ళలో బర్కత్ కలిగించుగాక! ఆమీన్.