తరగతి గోడ మీద ఏడు లక్షల అద్దాలు

పదో తరగతి వాళ్లకి కాంతి పాఠం చెబుతూ కుంభాకార కటకం స్లైడు గోడ మీద వేశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, ఆ పెట్టెలోంచి వచ్చేది వెలుగే కదా. మరి నల్ల గీత ఎలా గీస్తోంది?" క్లాసంతా గొల్లుమంది. ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదు. నల్లటి వెలుగంటూ ఎక్కడా లేదు మరి.

జవాబు సగం గోడ మీదే దొరికింది. ప్రొజెక్టర్ ఆపించాను. కిటికీలు మూసిన గదిలో సున్నం గోడ మసక తెలుపుగా ఉంది. మళ్లీ వేయగానే గీత ఉన్నచోట అదే గోడ నల్లబడిపోయింది. అక్కడ పడే వెలుగులో పెద్దగా మార్పేమీ లేదు. చుట్టూ ధగధగలాడే తెలుపు వచ్చి చేరింది, దాని పక్కన మసక తెలుపును కన్ను నలుపు కింద జమకట్టేసింది. కిటికీ తీస్తే స్లైడు వెలిసిపోవడానికి కారణం కూడా ఇదే. ప్రొజెక్టర్ దగ్గర తన సొంత నలుపు లేదు. గదిలో ఎంత చీకటి ఉంటే దానికి అంత నలుపే దక్కుతుంది.

మిగతా సగం జవాబు పెట్టెలో ఉంది. బల్బు ఒక్కటే, వెలుగు ఒక్కటే. గీత ఉన్నచోటికి మాత్రం అది వెళ్లకుండా ఎవరు చూస్తున్నారు? బోర్డు మీద పాఠం పక్కనపెట్టి ఆ పీరియడంతా దాని గురించే చెప్పాను. నిజానికి పదిహేను స్లైడ్ల కంటే ఆ పెట్టే మంచి పాఠం.

ఎండలో అద్దపుముక్క పట్టుకుని ఎదురింటి గోడ మీద వెలుగు చుక్క ఆడించని చిన్నతనం ఉండదు. మణికట్టు కాస్త తిప్పితే చుక్క గోడ దాటి పోతుంది. మా బడిలో ఉన్నది డీఎల్‌పీ రకం ప్రొజెక్టర్. దాని లోపల జరిగేది అచ్చంగా ఆ ఆటే. కాకపోతే అద్దాలు 1024 నిలువు వరుసల్లో, 768 అడ్డు వరుసల్లో ఉంటాయి. మొత్తం 7,86,432. ఇన్నీ కలిసి సుమారు 11 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల ఎత్తున్న చిప్పు మీద ఇమిడిపోతాయి. ఈ రకం చిప్పులో ఒక అద్దానికీ పక్క అద్దానికీ మధ్య దూరం 10.8 మైక్రోమీటర్లు. అంటే తలవెంట్రుక మందంలో ఆరేడు అద్దాలు పడతాయి.

ప్రతి అద్దమూ అల్యూమినియం పలక. దాని అడుగున మెలితిరిగే సన్నని లోహపు పట్టీ ఒకటి ఉంటుంది. ఆ పట్టీ ఆధారంగా అద్దం ఒక పక్కకి 12 డిగ్రీలు, రెండో పక్కకి 12 డిగ్రీలు వాలుతుంది. ఒక పక్కకి వాలితే ల్యాంపు వెలుగు లెన్సులోకి దూరి గోడకి చేరుతుంది. రెండో పక్కకి వాలితే పెట్టెలోనే ఉన్న నల్లటి పలక మీద పడి వేడిగా మారిపోతుంది. నల్ల గీతకి చెందాల్సిన వెలుగంతా అలా లోపలే ఖర్చయిపోతోంది. స్లైడంతా నలుపైనా ప్రొజెక్టర్ ఫ్యాను అదే హోరుతో తిరగడం గమనించే ఉంటారు. ల్యాంపు మండుతూనే ఉంటుంది, ఆ వేడి ఎక్కడికో పోవాలి కదా.

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేసే లారీ హార్న్‌బెక్ అనే భౌతిక శాస్త్రవేత్త 1977లో ఈ పనికి దిగినప్పుడు ఆయన ఆలోచన వేరు. వోల్టేజీ ఎంత ఇస్తే అద్దం అంత వంగాలి, ఎంత వంగితే గోడ మీద అంత వెలుగు పడాలి. కాగితం మీద చూస్తే ఇంతకంటే సహజమైన పద్ధతి లేదు. తయారు చేయబోతే చిక్కొచ్చింది. లక్షల పట్టీలు అచ్చుగుద్దినట్టు ఒకేలా రావు. ఒకటి పిసరంత మందమైనా అదే వోల్టేజీకి తక్కువ వంగుతుంది. బొమ్మంతా మచ్చలే. పదేళ్లు దీనితో కుస్తీ పట్టాక 1987లో హార్న్‌బెక్ దారి మార్చాడు. ఎంత వంగాలో అద్దానికి చెప్పడం మానేశాడు. అటు వాలు, లేదా ఇటు వాలు. మధ్యలో ఎక్కడా ఆగే పని లేదు. రెండు వైపులా అద్దం వాలి ఆగే చోటు ముందే కట్టి ఉంటుంది కాబట్టి పట్టీల్లో చిన్నచిన్న తేడాలున్నా వంపు మాత్రం అన్నిటికీ ఒకటే.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది దీని తర్వాతి మెట్టు. ప్రతి అద్దం కింద ఒక మెమరీ గది ఉంటుంది. అందులో 1 ఉంటే అటు, 0 ఉంటే ఇటు. ఏడు లక్షల గదుల్లో కొత్త అంకెలు నింపడానికి కొంత సమయం పడుతుంది. నిండుతున్న కొద్దీ అద్దాలు కదిలిపోతే గోడ మీద బొమ్మ చెదిరిపోతుంది. అలా జరగకుండా కాపాడేది చిన్న భౌతిక శాస్త్ర సూత్రం. అద్దం ఒక పక్కకి వాలి ఉన్నప్పుడు దాని అంచు ఆ పక్క ఎలక్ట్రోడుకి బాగా దగ్గరగా, రెండోదానికి దూరంగా ఉంటుంది. విద్యుదాకర్షణ దూరం తగ్గేకొద్దీ విపరీతంగా పెరుగుతుంది. కాబట్టి అద్దం మీద ఒక స్థిరమైన వోల్టేజీ ఉన్నంతసేపూ దగ్గరి పక్కే గెలుస్తుంది. కింద మెమరీలో అంకె మారినా అద్దం పట్టించుకోదు, ఉన్నచోటే ఉంటుంది. గదులన్నీ నిండాక ఆ వోల్టేజీ తీసి, ఒక కుదుపు ఇచ్చి, మళ్లీ పెడతారు. పట్టు వదిలిన ఆ క్షణంలో అద్దాలు కింద రాసున్న అంకె చూసుకుని తమ తమ పక్కలకి ఒరిగిపోతాయి. పాత ఆజ్ఞ అమల్లో ఉండగానే కొత్త ఆజ్ఞ చేతికి అంది ఉంటుందన్నమాట.

ఆ కుదుపు ఊరికే పెట్టింది కాదు. ఇంత చిన్న వస్తువులకి బరువు లెక్కే కాదు. తేమ, ఉపరితలాల మధ్య ఆకర్షణ, ఇవే పెత్తనం చేస్తాయి. వాలి ఆగినచోటే అద్దం అతుక్కుపోయేది. అందుకని ఆగే చోట స్ప్రింగులాంటి కొసలు పెట్టారు, అతి పలుచని కందెన పొర వేశారు, చిప్పుకి గాజు మూత వేసి గాలీ తేమా చొరకుండా బిగించేశారు. పట్టీ విరిగిపోతుందేమోనని ఇంకో బెంగ ఉండేది. వైరుని పదేపదే వంచితే తెగుతుందని అందరికీ తెలుసు కదా. పరీక్షల్లో లక్ష కోట్లసార్లు తిప్పినా ఈ పట్టీలు అలసి తెగలేదు. మందపు లోహాన్ని లోపల్లోపల చీల్చే లోపాలు పేరుకునేంత జాగా అంత పలుచని పొరలో ఉండదు.

సరే, అటో ఇటో మాత్రమే తెలిసిన అద్దం బూడిద రంగు ఎలా చూపిస్తుంది? ఎంత వెలుగు అన్న ప్రశ్నని హార్న్‌బెక్ ఎంతసేపు అన్న ప్రశ్నగా మార్చేశాడు. సెకనులో 60వ వంతు ఒక బొమ్మ. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమానంగా పంచుకున్నాయనుకుంటే ఒక్కో రంగుకి దాదాపు 5.6 మిల్లీసెకన్లు. దాన్ని 255 భాగాలు చేసి 128, 64, 32, 16, 8, 4, 2, 1 చొప్పున ముక్కలుగా కట్టండి. వెలుగు స్థాయి 150 కావాలంటే 128, 16, 4, 2 ముక్కల్లో అద్దం గోడ వైపు చూస్తుంది, మిగతా వాటిలో మొహం తిప్పేసుకుంటుంది. ద్విసంఖ్యామానం లెక్కలు ఎందుకు సార్ అని అడిగే పిల్లలకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అన్నిటికంటే చిన్న ముక్క వ్యవధి 22 మైక్రోసెకన్లు. అద్దం పల్టీ కొట్టి కుదురుకోవడానికి పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే. అంత బిగువుగా ఉంది లెక్క. ఈ మిణుకులన్నీ కన్ను పట్టుకోలేదు, కలిపేసుకుని నిలకడైన బూడిద రంగు చూస్తుంది.

రంగులదీ ఇదే కథ. ల్యాంపు ముందు రంగు గాజు ముక్కలున్న చిన్న చక్రం గిరగిరా తిరుగుతుంది. ఎరుపు ముక్క వచ్చినప్పుడు అద్దాలు ఎర్ర బొమ్మ వేస్తాయి, ఆకుపచ్చ వస్తే ఆకుపచ్చది, నీలం వస్తే నీలిది. గోడ మీద ఏ క్షణంలోనూ పూర్తి రంగుల బొమ్మ లేదు, అది మన తలలోనే తయారవుతోంది. మాటతో నమ్మని వాళ్లకి ఒక స్టీలు స్కేలు చాలు. తెల్ల స్లైడు వేసి, లెన్సు ముందు వెలుగుబాటలో స్కేలుని పైకీ కిందికీ చకచకా ఊపండి. స్కేలు అంచుల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చారలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కో రంగు వచ్చే వేళకి స్కేలు ఒక్కోచోట ఉంది మరి. ఆరోజు మా క్లాసులో ముప్పై స్కేళ్లు ఒకేసారి లేచాయి.

స్కేలు ఊపినా చారలు రాకపోతే మీ బడిది ఎల్‌సీడీ ప్రొజెక్టర్. డీఎల్‌పీకి ఆగర్భ శత్రువు. జపాన్ కంపెనీ ఎప్సన్ 1989లోనే మూడు పలకల ఎల్‌సీడీ ప్రొజెక్టర్ని బజారులోకి దింపింది. అప్పటికి హార్న్‌బెక్ చిప్పులు ఇంకా ప్రొజెక్టర్లలోకి రాలేదు, అవి మొదట వెళ్లింది విమాన టికెట్లు అచ్చేసే యంత్రాల్లోకి. ఎల్‌సీడీ పద్ధతిలో తెల్ల వెలుగుని మూడు రంగులుగా విడగొడతారు. ఒక్కోదాన్ని ఒక్కో ద్రవ స్ఫటిక పలకలోంచి పంపి, చివర గాజు దిమ్మలో మళ్లీ కలుపుతారు. మూడు రంగులూ ఒకేసారి గోడకి చేరతాయి కాబట్టి చారలుండవు. డీఎల్‌పీ తెర మీద నుంచి చూపు గబుక్కున తిప్పినప్పుడు కొందరికి కనిపించే ఇంద్రధనుస్సు మెరుపులు ఇందులో రావు.

ఒకరు వెలుగుని అడ్డుకుంటారు, మరొకరు మళ్లిస్తారు. ఇద్దరి బలహీనతలూ అక్కడే ఉన్నాయి. ద్రవ స్ఫటికం వెలుగుని పూర్తిగా ఆపలేదు, కొంత జారిపోతుంది, నలుపు మసకబారుతుంది. ఆగిన వెలుగు వేడై ధ్రువణ ఫలకాలని కాలుస్తుంది. ఏళ్లు గడిచేసరికి బొమ్మ పసుపుబారిన ఎల్‌సీడీలు చాలా బడుల్లో చూస్తాం. సుద్దపొడి ఫిల్టరు దాటి లోపలికి పోతే తెర మీద రంగు మరకలు. డీఎల్‌పీ వాళ్లు తమ మూత బిగించిన చిప్పుని చూపించి మురిసిపోయారు. ఎదుటివాళ్లు ఊరుకుంటారా? డీఎల్‌పీ వాళ్ల రంగు చక్రంలో ఉన్న తెల్ల ముక్క మీద వేలు పెట్టారు. ఏ రంగూ లేని ఆ ముక్క తెల్ల స్లైడు కాంతిని పెంచుతుంది, డబ్బా మీద ల్యూమెన్ల అంకె పెద్దదవుతుంది. రంగులకి మాత్రం అది ఏమీ ఇవ్వదు. తెలుపు కాంతి వేరు, రంగుల కాంతి వేరు, రెండూ విడిగా అచ్చేయండని ఎల్‌సీడీ వర్గం పోరుపెట్టింది.

ఈ గొడవ టీచర్లకి పనికొచ్చేది. డీఎల్‌పీలో తెల్ల నేపథ్యం కళ్లు చెదిరేలా ఉండి, పటంలో పసుపు జిల్లాలు ఆవపిండి రంగుకి దిగిపోతే తప్పు మీ స్లైడుది కాదు. మెనూలో బ్రైట్ మోడు నుంచి సినిమా మోడుకి మార్చి చూడండి. వెలుగు కొంత తగ్గినా రంగులు తేరుకుంటాయి. వృక్షకణం బొమ్మో, రక్తప్రసరణ బొమ్మో వేసినప్పుడు తేడా తెలుస్తుంది. అన్నట్టు, స్లైడు షో నడుస్తుండగా కీబోర్డు మీద 'బి' నొక్కితే తెర నల్లబడుతుంది. పెట్టెలో ఏడు లక్షల అద్దాలూ ఒక్క వాలున మొహం తిప్పేసుకున్నాయన్నమాట. గోడ మీద ఉన్న కళ్లన్నీ టీచరు వైపు తిరుగుతాయి. పిల్లల్ని పాఠంలోకి లాగడానికి పవర్‌పాయింట్‌లో ఉన్న హంగులన్నిటిలో నాకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ ఒక్క మీటే.

పవర్‌పాయింటూ పుట్టింది 1987లోనే. రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్‌ల చేతిలో, మాకింటోష్ కోసం. మొదటి రూపం ఓహెచ్‌పీ షీట్లు తయారు చేసుకోవడానికే. అదే ఏడు మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకి దాని కంపెనీని కొనేసింది. కంప్యూటర్ నుంచి నేరుగా తెర మీదికి స్లైడ్లు వేసే వెసులుబాటు 1992 రూపంతో వచ్చింది. అద్దాల ప్రొజెక్టర్లు అమ్మకానికి రావడానికి ఇంకో నాలుగైదేళ్లు పట్టింది. ఆ తర్వాత కథ పరుగే. 1999లో స్టార్ వార్స్ సినిమాని రీలు లేకుండా వేసి చూపించారు. రంగుకో చిప్పు చొప్పున మూడు చిప్పులతో అద్దాలు హాళ్లలోకి వెళ్లాయి, మన ఊళ్లలోనూ రీలు డబ్బాలు కనుమరుగయ్యాయి. 2015లో హార్న్‌బెక్ ఆస్కార్ అందుకున్నాడు. ల్యాంపుల స్థానంలో లేజర్లు వచ్చాయి. ఇవే అద్దాలు ఇప్పుడు రెసిన్ని పొరలు పొరలుగా గట్టిపరిచే త్రీడీ ప్రింటర్లలో పనిచేస్తున్నాయి. బడుల్లో మాత్రం గాలి మారింది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు బడులకి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానళ్లు వచ్చాయి. వేలితో తాకితే పలుకుతాయి, పగటి వెలుగులోనూ కనిపిస్తాయి, ల్యాంపు మార్చే బెడద లేదు. పాఠం చెప్పడానికి అవే నయం. తామెలా పనిచేస్తాయో స్కేలు ఊపి చూపించే వీలు మాత్రం వాటితో ఉండదు.

కాబట్టి పాత డీఎల్‌పీని స్టోర్‌రూంలోకి నెట్టేయకండి. ల్యాంపులో పాదరసం ఉంటుంది, దాని జోలికి మాత్రం పిల్లల్ని పోనివ్వకండి. వయసు మళ్లిన చిప్పులో ఒక్కోసారి అద్దం ఇరుక్కుపోతుంది. నల్ల స్లైడు వేసినా గోడ మీద కదలని తెల్ల చుక్క కనిపిస్తుంది. మెకానిక్కుకి అది లోపం, నాకు ప్రయోగం. గోడ మీద బొమ్మ వెడల్పు 2 మీటర్లు ఉంటే ఆ చుక్క దాదాపు 2 మిల్లీమీటర్లు వస్తుంది. 10.8 మైక్రోమీటర్ల అద్దం ఒకటి, ఒంటరిగా, కంటికి కనిపించేంత పెద్దదై అక్కడ నిలబడి ఉంది. పిల్లల చేత కొలిపించి ఆవర్ధనం లెక్కకట్టమనండి. 180కి అటూ ఇటూగా రావాలి. మరీ తేడా వస్తే స్కేలు సరిగ్గా పట్టలేదని అర్థం.