దూరదర్శిని గురి తప్పినపుడు

భూభ్రమణము వలన నక్షత్రములు గంటకు సుమారు 15 డిగ్రీలు పడమటికి జరుగును. హైదరాబాదు నిజామియా వేధశాలలో ఆకాశపటమునకై ఛాయాచిత్రములు తీసిన నాడు వాటి వెంట దూరదర్శినిని త్రిప్పినది గడియారయంత్రము. నేడు ఆ పని కంప్యూటరు ఆజ్ఞపై మోటారు చేయుచున్నది.

తలుపులలో దూరదర్శినిని అమర్చి నక్షత్రమును కోరగా అది మరొక వంకకు తిరిగినదనుకొందము. ముందు గడియారము చూడవలెను. మన కాలము గ్రీనిచ్ కాలమునకు 5½ గంటలు ముందున్నది. ఈ భేదమును సాఫ్ట్‌వేరునకు తెలుపనిచో దూరదర్శిని ధ్రువాక్షముపై 5½ × 15, అనగా 82½ డిగ్రీలు ఎక్కువగా పడమటికి తిరుగును. తప్పు పరిమాణమే కారణమును చెప్పును.

గురి కుదిరినను చిత్రములో నక్షత్రములు గీతలైనచో దోషము సాధారణముగా అక్షములో నుండును. ఇచ్చట అది సరిగా ఉత్తరమునకు, క్షితిజము నుండి సుమారు 14 డిగ్రీల ఎత్తున నిలువవలెను. ఈ రెండును చూడక మోటారును విప్పరాదు.