మైత్రీ వంతెన

సరిహద్దు అనగానే ముళ్లకంచె, కాపలా సైనికులు మన మనసులో మెదులుతారు. కాని కొన్నిచోట్ల నదే సరిహద్దు. ఆగ్నేయాసియాలో థాయిలాండు, లావోస్ దేశాల మధ్య చాలా దూరం మెకాంగ్ నది ప్రవహిస్తున్నది. ఆ రెండు దేశాల భాషల్లోనూ నదిని ‘మే నామ్’ అంటారు. ‘మే’ అంటే తల్లి. ‘నామ్’ అంటే నీరు.

ఈ నది మొదటినుంచీ సరిహద్దు కాదు. దాని రెండు గట్లమీదా లావో భాష మాట్లాడేవారే నివసించేవారు. థాయిలాండును అప్పట్లో సయాం అనేవారు. 1893లో జరిగిన ఒప్పందం ప్రకారం సయాం రాజ్యం నది ఎడమగట్టును ఫ్రెంచివారికి వదులుకొన్నది. నాటినుంచి ఒకే భాషవారు రెండు పాలనల కిందికి వచ్చారు. 1953లో లావోస్ స్వతంత్రమైన తరువాత కూడా నదే ఎల్లగా నిలిచింది.

చాలాకాలం ప్రజలు పడవలమీదనే నదిని దాటేవారు. ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆర్థికసహాయంతో ఇక్కడ ఒక వంతెన నిర్మించారు. 1994 ఏప్రిల్ 8న దానిని ప్రారంభించారు. సుమారు 1,170 మీటర్ల పొడవున్న ఈ వంతెనకు మైత్రీ వంతెన అని పేరు. దీనికి ఒకవైపు థాయిలాండులోని నాంగ్‌ఖాయ్ పట్టణం ఉంది. రెండవవైపు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో లావోస్ రాజధాని వియంటియాన్ ఉంది.

ప్రయాణికులు ముందుగా నాంగ్‌ఖాయ్ వైపు తనిఖీ కేంద్రంలో పాస్‌పోర్టు చూపి, దానిపై ముద్ర వేయించుకోవాలి. తరువాత బస్సులో వంతెన దాటుతారు. ఆవలిగట్టున లావోస్ అధికారులు పత్రాలను మళ్లీ పరిశీలిస్తారు. థాయిలాండులో వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. లావోస్‌లో కుడివైపున నడుస్తాయి. అందువల్ల వంతెన దిగగానే సంకేత దీపాలను అనుసరించి వాహనాలు ప్రక్క మారతాయి. వంతెన నడుమ రైలుపట్టా కూడా ఉంది. దానిమీద 2009లో రైళ్లు నడవసాగాయి. రైలు వచ్చినప్పుడు రోడ్డుమీది వాహనాలను ఆపివేస్తారు.

ముద్రలు మారతాయి, నాణెం మారుతుంది, నడిచే ప్రక్క మారుతుంది. మాట మాత్రం అంతగా మారదు. నేడు లావో మాట్లాడేవారు లావోస్‌లోకంటె ఈశాన్య థాయిలాండులోనే ఎక్కువగా ఉన్నారు. అక్కడి పాఠశాలల్లో బోధన థాయి భాషలో సాగుతుంది. లావో భాషను తల్లులు ఇళ్లలో పిల్లలకు నేర్పుతున్నారు. వర్తకులు సంతల్లో మాట్లాడుతున్నారు. అందుచేతనే నాంగ్‌ఖాయ్ అంగడిలో బేరమాడే వియంటియాన్ మనిషికి దుబాసీతో పనిలేదు.